గడప లోపలి చెప్పులు

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం, కరీంనగర్‌లో కాళ్ళ నొప్పులవాళ్ళకు కొలత తీసి బూట్లు చేసిచ్చే చిన్న దుకాణంలో, స్టూలు మీద కూర్చుని కుడికాలు ఒక తెల్లకాగితం మీద పెట్టాను. ఆ దుకాణం ఆయన యాభై దాటిన మనిషి, నా ముందు గొంతుక్కూర్చుని, పెన్సిలు నిటారుగా పట్టుకుని మడమ దగ్గర మొదలుపెట్టి పాదం చుట్టూ గీత గీసుకుంటూ వచ్చి, లోపలి వంపు దగ్గరికి చేరేసరికి నాకు చక్కిలిగింత పుట్టి పైకే నవ్వేశాను. అప్పటిదాకా కోడలి భుజం పట్టుకుని మూలుగుతూ మెట్లెక్కిన అరవై ఎనిమిదేళ్ళ మనిషిని ఉన్నట్టుండి నవ్వేసరికి, పక్కన నిలబడ్డ కోడలు నొప్పి తలకెక్కిందేమోనని గాబరాపడింది. నేను నవ్వింది చక్కిలిగింతకు మాత్రమే కాదు. నా పాదం కాగితం మీదికెక్కడం అది రెండోసారి. మొదటిసారి ఆదిలాబాదు వైపు ఒక అంగట్లో, సిమెంటు సంచి కాగితం మీద, బొగ్గుముక్కతో గీశారు. ఆనాడు కూడా ఆ వంపు దగ్గరే నవ్వాను.

ఆ రోజుల్లో నేను ఏఎన్ఎంని, ఊళ్ళవాళ్ళ మాటలో సిస్టరమ్మని. పెళ్ళి కాకముందే ఉద్యోగం వచ్చింది, వచ్చిన ఉద్యోగం ఆదిలాబాదు పల్లెల్లో పడింది. మన ఈడువాళ్ళకు ఆ ఉద్యోగాల సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బస్సు దిగి ఊరెంత దూరమని అడిగితే "గిదే, దగ్గర్నే" అనేవాళ్ళు, ఆ దగ్గరలో రెండు వాగులు, ఒక గుట్ట, ఎంతకూ తరగని జొన్నచేలు ఉండేవి. భుజానికి టీకామందుల డబ్బా, డబ్బాలో మంచు, ఆ మంచు కరిగేలోగా మూడు ఊళ్ళు తిరగాలి. కాళ్ళకు మాత్రం అందరిలాగే రబ్బరు చెప్పులు, టపటపా కొట్టుకుంటూ నడిచినప్పుడల్లా వెనకనుంచి చీర మీద బురద చిమ్మేవి.

వాగు వస్తే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవడం మనందరికీ అలవాటే కదా. కాళ్ళ కోసం చెప్పులు కొనుక్కుని, ఆ చెప్పులు పాడవుతాయని కాళ్ళను రాళ్ళ మీద వదిలేవాళ్ళం. అలాగే ఒక వానాకాలం పొద్దున పాచిరాయి మీద కాలు జారి, కుడి చీలమండ లోపలికి మడతపడింది. పడుతూ పడుతూ మందుల డబ్బాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నానే గాని కాలిని కాచుకోలేదు. గట్టు మీది ఊళ్ళో ఒక ముసలమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టువేసి, ఎనిమిది రోజులు మంచం దిగొద్దని గట్టిగా చెప్పింది. ఇంకెవరికైనా అయితే నేను కూడా అదే చెప్పేదాన్ని. కాని కొత్త ఉద్యోగం, సెలవు పెడితే ఆడపిల్ల నడవలేకపోతోందని పైవాళ్ళు ఎక్కడ రాసేస్తారోనని భయం, అందుకని మూడోనాడే డబ్బా భుజాన వేసుకుని బయలుదేరాను. వాపు పోయింది, నొప్పి పోలేదు. కాలు ఎప్పుడు ఎటు మడతపడుతుందో తెలియక బిక్కుబిక్కుమంటూ అడుగు వేయడం మాత్రం మిగిలింది.

ఆ ప్రాంతంలో వారానికొకసారి అంగడి జరిగేది. ఉల్లిగడ్డలు, ఎండుమిరప, గాజులు, తాళ్ళు, అన్నీ అక్కడే. అంగడి చివర ఒక తాత గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టేవాడు. నేను బెల్లం కొనుక్కుని ఆయన ముందునుంచి పోతుంటే, తల పూర్తిగా ఎత్తకుండానే పిలిచాడు.

"ఓ బాయీ, నీ కాలు బయటి దిక్కు ఒరుగుతున్నది. ఆ చెప్పు జర ఇటియ్యి."

చెప్పు చేతికిచ్చాక ఆయన నా కాలి వంక చూడనే లేదు. చెప్పు తిరగేసి, బయటి అంచు కాగితంలా అరిగిపోయిన చోట బొటనవేలితో రాసి, "మూడు నెల్లాయెనా కాలు మడతపడి?" అని అడిగాడు. సరిగ్గా మూడు నెలలే అయింది. ఎక్సరే తీయించుకోవాలంటే జిల్లా ఆసుపత్రికి పోవలసిన రోజులవి, ఈయనేమో రబ్బరు చెప్పునే ఎక్సరే చేసి చూసేశాడు. అప్పుడు సిమెంటు సంచి కాగితం చింపి నా పాదం కింద పెట్టి బొగ్గుతో గీత గీశాడు. ఆయన కూర్చున్న గోనెపట్టా కింద అలాంటి కాగితాలు బోలెడు ఉండేవి. ఎవరి పాదం ఏదో పేర్లు రాసుకోలేదు, ఆయనకు రాత రాదు. వేళ్ళ ఒడ్డూ పొడుగూ చూసి ఇది ఫలానా పటేలుది, ఇది ఫలానా ముసలామెది అని చెప్పేవాడు.

మరుసటి అంగడికి చెప్పులు తయారయ్యాయి. అడుగున లారీ టైరు ముక్క, మీద మందపాటి తోలు, కుడిచెప్పుకు బయటి అంచు ఎడమదానికన్నా రవ్వంత ఎత్తు, మడమ జారకుండా వెనక పట్టీ, ఆ పైన చీలమండ చుట్టూ తిప్పి వాదెలతో బిగించి కట్టుకునే వెడల్పాటి తోలుపట్టీ. నున్నగా, అందంగా ఉన్నాయని చెప్పలేను. తొడుక్కుని నాలుగడుగులు వేశాక మాత్రం, మూడు నెలల తరువాత మొదటిసారి నేల మీద చూపు పెట్టకుండా ఎదురుగా చూస్తూ నడిచాను. ఆ సంతోషం ఎలాంటిదో కాలు మడతపడినవాళ్ళకే తెలుస్తుంది, మిగతావాళ్ళకు ఎంత చెప్పినా బెల్లం కొన్న సంతోషమే అనిపిస్తుంది.

ఒకటే చిక్కు వచ్చిపడింది. కొత్త తోలు గదా, అడుగు వేస్తే కిర్రు, తీస్తే కిర్రు. నేను ఊరి పొలిమేరలో ఉండగానే పిల్లలకు వినపడిపోయేది. "సూది బాయి వచ్చింది" అని ఒకడు కేకవేస్తే చాలు, ఊరి పిల్లలంతా జొన్నచేలో మాయం. తల్లులు నన్ను తిట్టలేక చెప్పులను తిట్టారు. చివరికి వారం రోజులు రాత్రిపూట ఆముదం రాసి, ఆ కిర్రును సగానికి తెచ్చాను. అంతకన్నా తగ్గించడం నా వల్ల కాలేదు. ఆ చెప్పులతోనే ఆరేళ్ళు తిరిగాను, అడుగు అరిగినప్పుడల్లా తాత మళ్ళీ టైరు ముక్క వేసి ఇచ్చాడు.

తరువాత పెళ్ళయింది, బదిలీ మీద కరీంనగర్ వచ్చి అత్తవారింట్లో అడుగుపెట్టాను. మాటకు అలా అన్నాను గాని, అడుగుపెట్టింది నేను ఒక్కదాన్నే, నా చెప్పులు కావు. మా అత్త చాలా శుభ్రమైన మనిషి. బయట తిరిగిన చెప్పులు, అందులోనూ తోలువి, గడప దాటడమనే మాటే ఆ ఇంట్లో లేదు. నేను కూడా అలాంటి ఇంట్లోనే పుట్టాను కనుక అది నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ఆ పట్టింపు తోలు మీదేనా, దాన్ని కుట్టిన చేతుల మీద కూడానా అని అప్పుడు అడగాలని తోచలేదు, ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. చెప్పులు అరుగు కింద ఉండేవి. కొన్నాళ్ళకు ఒకదాన్ని వీధికుక్క ఎత్తుకుపోయింది, రెండోది ఏమైందో గుర్తులేదు. అప్పటికి కాలు కూడా పెద్దగా బాధపెట్టడం లేదు, ఆ తాతను మరిచిపోయాను.

మా అత్తకు సాయంత్రం కాగానే అరుగు మీద కూర్చోవడం ప్రాణం. వీధిలో పోయేవాళ్ళందరినీ పలకరించి, వాళ్ళు నాలుగడుగులు పోగానే వాళ్ళ మీద ఒక చెణుకు విసిరి, తనే ముందు నవ్వేది. అలాంటి మనిషికి అరవై దాటాక రెండు చీలమండలూ వాచాయి. మట్టినేల పోయి షాబాదు బండలు వచ్చిన రోజులవి, ఆ చల్లటి బండల మీద వట్టికాళ్ళతో తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా తిరిగేది. కాళ్ళకు ఆముదం రాసుకుని, ఆ చేయి గోడకు ఆనించి, తన గదినుంచి అరుగుదాకా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చేది. ఇరవై అడుగులు. నేను లెక్కపెట్టాను. గోడ పొడుగునా ఆమె చేయి ఆనిన చోట నూనెమరక పడింది. ఏటా సున్నం వేసేవాళ్ళం, నెల తిరక్కముందే మరక మళ్ళీ పైకి వచ్చేది.

ఒకసారి ఆమె కోసం మెత్తని రబ్బరు చెప్పులు తెచ్చి, ఇంట్లో వేసుకొమ్మన్నాను. నన్ను ఎగాదిగా చూసింది.

"లచ్చిందేవి తిరిగే ఇంట్ల చెప్పులేసుకొని తిరుగుమంటవా? నౌకరి జేస్తే గిదేనా నేర్చుకున్నది?"

ఊరూరా తిరిగి, పిల్లలకు జ్వరం వస్తుందని వాదించే తల్లులను గదమాయించి మరీ టీకాలు వేసిన దాన్ని, మా అత్త దగ్గర నోరు మూసుకున్నాను. గౌరవం అనుకున్నాను, నిజానికి భయమే. ఆమె ఆ చెప్పులను అరుగు కింద జాగ్రత్తగా జతచేసి పెట్టింది, ఒక్కరోజైనా తొడగలేదు. రెండేళ్ళు గడిచేసరికి ఇరవై అడుగులు పది అయ్యాయి, తరువాత గది వాకిలే అరుగైంది, ఆ తరువాత మంచమే అన్నీ. పోయే ముందు రెండేళ్ళు మా అత్త వీధి చూడలేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మూడేళ్ళ కిందట నా కుడి చీలమండ వాచడం మొదలైంది. మస్కట్‌లో పనిచేసే కొడుకు సెలవుల మీద వచ్చి, అమ్మ సుఖపడాలని ఇల్లంతా గ్రానైటు పరిపించి వెళ్ళాడు. అందులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, పొద్దున్నే దాని మీద కాలు మోపితే మాత్రం ప్రాణం నెత్తికెక్కుతుంది. చివరికి కిందటి వేసవిలో డాక్టరు ఎక్సరే చూసి, ఎప్పుడో కాలు మడతపడిందా అని అడిగి, కీలులో గుజ్జు అరిగిపోయిందని, పోయినదాన్ని తిరిగి తేలేమని, కాని కాలికి ఆసరా ఉండే బూట్లు, చీలమండకు పట్టీ వేసుకుంటే నడక నిలబడుతుందని, ఆపరేషను మాట అవసరం పడితే తరువాత చూద్దామని చెప్పాడు. డాక్టరు చెప్పింది సగమే వినిపించింది. మిగతా సగం సేపు మా అత్త గది వాకిలి కళ్ళముందు మెదిలింది. అప్పటికే నేను సాయంత్రాలు అరుగు మీదికి వెళ్ళడం మానేసి నెల అయింది.

అలా ఆ దుకాణానికి వెళ్ళాం. పది రోజులకు బూట్లు వచ్చాయి. అడుగు చివరలు రెండూ పడవలా కొంచెం పైకి లేచి ఉండడంతో, కీలు వంగే పనిని బూటే చేసిపెడుతుంది. లోపల నా వంపుకు సరిపడా మెత్త, బయటి అంచు రవ్వంత ఎత్తు, పైన బిగించుకోవడానికి పట్టీ. కాలు అందులో పెట్టగానే తాత గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి. టైరూ తోలూ పోయి ఏవేవో కొత్త సరుకులు వచ్చాయే గాని, ఆలోచన అదే.

ఒక నెల గడిచింది, నొప్పి ఏమీ తగ్గలేదు. కోపంగా బూట్లు సంచిలో వేసుకుని, కోడలిని వెంటబెట్టుకుని, ఇవి దండగ అని చెప్పడానికి మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. ఆయన బూటు తీసి తిరగేసి, అడుగు మీద బొటనవేలితో రాశాడు. అదే చూపు, అదే బొటనవేలు.

"అమ్మా, పరేషాన్ గాకుండ్రి, ఒక మాట అడుగుత. గీ బూట్లు నడిచినయా, అల్మారిల కూసున్నయా?"

నేను రోజూ వేసుకుంటున్నానని రోషంగా చెప్పాను. కూరగాయలకు పోయినప్పుడు, బ్యాంకుకు పోయినప్పుడు, గుడి మెట్లదాకా. ఆయన వేళ్ళ మీద లెక్కవేసి, అదంతా కలిపి దినానికి గంట కూడా కాదన్నాడు.

"మిగిలిన దినమంత ఇంట్లనే నడుస్తున్నరు గద. ఇంట్ల కాళ్ళకు ఏమేసుకుంటున్నరు?"

ఏమీ వేసుకోవడం లేదు. ఇంట్లో వట్టికాళ్ళు, అదీ గ్రానైటు మీద. బూట్లేమో బయటివి కనుక గడప అవతల విప్పేస్తున్నాను, బూటు మీదికి బిగించే పట్టీ కూడా దాంతోపాటే విప్పేస్తున్నాను. వాగులో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన పిల్లే ఇంకా నాలో ఉంది. ముప్ఫై ఐదేళ్ళు ఆరోగ్యశాఖలో పనిచేసి, మందు ఇంటి బయట పెట్టి రోగాన్ని లోపల పెట్టుకున్నాను. ఇంత తెలివితక్కువతనం నా దగ్గరికొచ్చే ఏ తల్లి చేసినా చెవి మెలిపెట్టేదాన్ని.

అయినా ఇంట్లో చెప్పులు అనేసరికి మనసొప్పలేదు. దుకాణం ఆయన ఇంట్లో తొడుక్కునేందుకు తోలు లేని తేలికపాటి జత ఒకటి, దాని లోపలే వేసుకునే గుడ్డపట్టీ ఒకటి చేసిస్తానన్నాడు. కోడలు సరేనంది, నేను వద్దన్నాను. ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు ఆ మాటే తెగలేదు. మా అత్త చెప్పిన మాటే, పొల్లుపోకుండా, నేను నా కోడలికి అప్పచెప్పాను. నా నోట ఆ మాట విన్నప్పుడు నాకే వింతగా అనిపించింది, అయినా ఆగలేదు. కోడలు నా చేయి పట్టుకుని నడవలోకి తీసుకుపోయి, లైటు వేసి గోడ చూపించింది.

"అత్తమ్మా, కింద ఉన్న మరక మీ అత్తమ్మదని మీరే చెప్పిన్రు. గా పైనున్నది ఎవ్వలిది?"

మా అత్త మరకకు జానెడు పైన, ఆమెకన్నా నేను పొడుగు కనుక, అదే పొడుగునా ఇంకొక మరక సన్నగా మొదలైంది. కాలికి రాసుకున్న మందునూనె, నా చేతిది. ఎప్పుడు పడిందో నాకే తెలియదు, నేను గోడ పట్టుకుని నడుస్తున్నానని కూడా నాకు తెలియదు.

"గా కొత్త చెప్పులు బయటి మట్టి తొక్కయి. మీ కాలెంత మడో అవి గంతే మడి. ఇగ నేను అడుగుత లేను, తెస్తున్న."

అంత చిన్న పిల్ల అంత గట్టిగా మాట్లాడుతుందని నేను అనుకోలేదు. నేను మా అత్తతో అనవలసిన మాట అది. ఆ రోజు నాకు కోపం రాలేదు, ఏడుపు వచ్చింది, కోడలి ముందే ఏడ్చాను.

కొత్త జత వచ్చింది. మంచం పక్కనే పెట్టుకుని, పొద్దున కాలు నేలకు తగలకముందే పట్టీ బిగించి చెప్పులు తొడగడం అలవాటు చేసుకున్నాను. మొదటి వారం దొంగతనం చేస్తున్నట్టే ఉండేది, వంటింట్లోకి పోయేముందు వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. దేవుడి గది ముందు మాత్రం ఇప్పటికీ విప్పుతాను. లోపల కోడలు మందపాటి చాప పరిచింది, పక్కన కుర్చీ వేసింది, దేవుడు దానికేమీ అభ్యంతరం చెప్పలేదు. నొప్పి పూర్తిగా పోయిందని బొంకను, మబ్బు పట్టిన రోజు కాలే ముందు చెబుతుంది. కాని రెండు నెలలు తిరిగేసరికి గోడ వైపు చేయి పోవడం మానింది. ఒక సాయంత్రం నా అంతట నేనే ఇరవై అడుగులు వేసుకుంటూ వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటామె నన్ను చూసి, "ఏందమ్మా, ఊరికి పోయినవా, గిన్ని దినాలు కనవడలే?" అంది. అవునన్నాను.

కార్తీకంలో ఒక పెళ్ళికని ఆదిలాబాదు వైపు వెళ్ళి, పనిగట్టుకుని ఆ అంగడికి పోయాను, బస్సు దిగి నడిచే పోయాను. తాత కూర్చున్న చోట ప్లాస్టిక్ చెప్పులు కుప్పపోసి అమ్ముతున్నారు. అందరికీ ఒకటే ఆకారం, కొలత అంటే మడమ కింద అచ్చువేసిన అంకె. ఆయన పేరేమిటని అడుగుదామంటే నాకే తెలియదు, ఆరేళ్ళు ఆయన చేసిన చెప్పులు తొడిగి పేరు అడగనే లేదు. ఆయనకు మాత్రం ఆ కాగితాల్లో నా పాదం తెలిసేది. ఇప్పుడు రోడ్లు వచ్చాయి, వాగుల మీద వంతెనలు వచ్చాయి, నేలలు నున్నబడ్డాయి, గట్టిపడ్డాయి, మన కీళ్ళే మెత్తబడ్డాయి. చెప్పు తిరగేసి చూసి నువ్వు ఎలా నడుస్తున్నావో చెప్పే మనుషులు తగ్గిపోయారు. అక్కడొకరు ఇక్కడొకరు ఉన్నారు కనుక నాలాంటివాళ్ళం నడుస్తున్నాం.

మొన్న ఇంటికి రంగులు వేయించాం. రంగులతను నడవలో గోడ చూసి, ఈ రెండు మరకలకూ లప్పం పెట్టి బాగా రుద్దితే తప్ప పోవన్నాడు. పైదానికి పెట్టమన్నాను, కిందిది ఉండనీయమన్నాను. అతనికి అర్థం కాలేదు, కోడలికి అర్థమై లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రాలు అరుగు మీదికి పోతూ ఆ మరక పక్కన ఒక్క క్షణం ఆగుతాను, చేయి ఆనించను. గదినుంచి అరుగు దాకా ఇరవై అడుగులే. మా అత్తకు ఆ ఇరవై అడుగులూ దక్కడానికి ఒక జత చెప్పులు, ఆమెకు భయపడని ఒక కోడలు ఉంటే సరిపోయేది.